కండె చూడు, నాడె చూడు



మీలో ఎంతమంది సాంచాల మోతలో పెరిగారో నాకు తెలియదు. సిరిసిల్లలోనో, భీవండీలోనో, మా సూరత్‌లోనో పెరిగిన వాళ్లకైతే నేను చెప్పనక్కరలేదు. సాంచా నడుస్తున్నంతసేపూ ఆ మోత చెవికి ఆనదు. ఆగితేనే తెలుస్తుంది. నిద్రలో ఉన్నవాడు కూడా లేచి కూర్చుని, "ఎందుకు ఆగింది?" అంటాడు.

మరమగ్గం, అదే మేం సాంచా అనేది, ఊరికే ఆగదు. పేక పోగు తగులుతోందా లేదా అని చూసుకోవడానికి దానికి ఒక చిన్న ఫోర్కు ఉంటుంది. పోగు తెగినా, కండె మీద నూలు అయిపోయినా, ఆ ఫోర్కుకు ఏమీ తగలదు. వెంటనే సాంచా ఆగిపోతుంది. ఆగకపోతే పోగు లేకుండానే నేత నడిచి బట్ట పాడవుతుంది.

మా బాపు ఇదే సూరత్‌లో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. ఆయన మాట ఒకటి ఉండేది. "మొదటిసారి ఆగితే కండె చూడు. మూడోసారి ఆగితే నాడె చూడు." మొదటిసారి ఆగితే నూలు అయిపోయి ఉంటుంది, కండె మార్చి నడుపుకో. అదే పోగు పదే పదే తెగుతుంటే మాత్రం ఎన్ని కండెలు మార్చినా లాభం లేదు. నాడె, అంటే కండెను మోసుకుని అటూ ఇటూ పరుగెత్తేది, దాని లోపల ఎక్కడో గరుకు లేచి ఉంటుంది. అదే పోగును కోస్తుంటుంది.

నేను సాంచా మీద ఎక్కువ కాలం లేను. సూరత్ కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడిలో చదువుకుని, జిరాక్స్ మెషిన్లు బాగుచేసే పనిలో పడ్డాను. బాపు చేతులకు నూనె అంటేది. నా చేతులకు టోనర్ మసి అంటుతుంది. ఆయన చెప్పిన ఆ మాట మాత్రం రోజూ నా వెంట వస్తుంది. ఇవాళ మీతో చెప్పబోయేది కూడా ఆ మాటే. ఆఫీసులో జిరాక్స్ మెషిన్ ఆగిపోయి, తెర మీద ఏదో అక్షరం, నాలుగు అంకెలు కనపడితే ఏం చేయాలి? దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ముందుగా ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. కోడ్ నొప్పి ఎక్కడో చెబుతుంది. ఎందుకో చెప్పదు. ఎందుకో మనమే వెతకాలి.

అసలు మెషిన్ లోపల ఏం జరుగుతుందో రెండు నిమిషాల్లో చెబుతాను. పొడి జుట్టు దువ్విన దువ్వెనకు చిన్న చిన్న కాగితం ముక్కలు అంటుకోవడం మీరు చూసే ఉంటారు. జిరాక్స్ అంతా ఆ ఆట మీదే నడుస్తుంది. లోపల గుండ్రంగా, మెరుస్తూ ఒక డ్రమ్ము ఉంటుంది. చీకట్లో దాని ఒంటి నిండా ఆ దువ్వెన విద్యుత్తు ఎక్కిస్తారు. వెలుగు పడగానే అక్షరాల ఆకారం, కంటికి కనపడకుండా, దాని మీద ఏర్పడుతుంది. టోనర్ పొడి ఆ ఆకారానికి అంటుకుంటుంది. అక్కడి నుంచి కాగితం మీదికి దిగుతుంది. ఇంకా అది పొడే. ఊదితే ఎగిరిపోతుంది. చివరన ఫ్యూజర్ అనే వేడి రోలర్ల మధ్య నుంచి కాగితం వెళుతుంది. టోనర్ నిజానికి ప్లాస్టిక్ పొడి. ఆ వేడికి కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది. అందుకే జిరాక్స్ కాగితం చేతికి వెచ్చగా వస్తుంది.

దీన్ని కనిపెట్టిన మనిషి చెస్టర్ కార్ల్‌సన్. పేటెంట్ల పని చేసేవాడు. కాగితాలకు నకళ్లు రాసీ రాసీ విసిగిపోయాడు. 1938 అక్టోబరు 22న, న్యూయార్క్‌లోని ఆస్టోరియా అనే పేటలో, ఒక గదిలో, అతనూ అతని సహాయకుడూ కలిసి గంధకం పూసిన జింకు రేకును చేతిరుమాలుతో రుద్దారు. గాజు పలక మీద ఆ రోజు తేదీ, ఆ పేట పేరు రాసి, దాని మీదుగా వెలుగు పడనిచ్చారు. రేకు మీద పొడి చల్లారు. మైనం కాగితం మీదికి దించి వేడి చేశారు. అక్షరాలు వచ్చాయి. రుద్దడం, వెలుగు, పొడి, వేడి. ఇవాళ మీ ఆఫీసు మూలన ఉన్న మెషిన్ చేసేది కూడా ఆ నాలుగు పనులే. 1959లో జిరాక్స్ 914 అనే మెషిన్ వచ్చింది. అది అమ్మిన కంపెనీ పేరే మన నోట్లో పని పేరు అయిపోయింది. మెషిన్ ఏ కంపెనీదైనా మనం "జిరాక్స్ తీయండి" అనే అంటాం.

ఇప్పుడు మా సూరత్ కథ ఒకటి చెబుతాను.

ఇక్కడ రింగ్ రోడ్డు చుట్టూ బట్టల మార్కెట్లు. పగలంతా చీరల బేరం. సాయంత్రం అయ్యేసరికి పార్సిళ్లు కట్టి లారీలకు ఎక్కిస్తారు. ప్రతి పార్సిల్ వెంట బిల్టీ, అంటే లారీ రసీదు, ఉండాలి, బిల్లు ఉండాలి, వాటికి నకళ్లు ఉండాలి. అలాంటి ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మెషిన్ సరిగ్గా సాయంత్రం ఆరు దాటగానే ఆగిపోయేది. తెర మీద ఫ్యూజర్ కోడ్. మొదటిసారి ఒక మెకానిక్ వచ్చి, సర్వీస్ మోడ్‌లోకి వెళ్లి, కోడ్ తుడిచేసి, డబ్బులు తీసుకుని వెళ్లాడు. రెండు రోజులు నడిచింది. మళ్లీ ఆగింది. ఇంకో మెకానిక్ వచ్చి ఫ్యూజరే పాడైందని కొత్తది వేశాడు. అది చిన్న ఖర్చు కాదు. నాలుగు రోజులు నడిచింది. మళ్లీ అదే సాయంత్రం, అదే కోడ్.

మూడోసారి నాకు ఫోన్ వచ్చింది. అక్కడి గుమాస్తా మన తెలుగు అబ్బాయే.

"అన్నా, మిషిని మళ్ల బందయింది. బండ్లు కదలాలె. జల్ది రా."

వెళ్లాను. మెషిన్ మూత తీయలేదు. ముందు ఆ అబ్బాయిని అడిగాను.

"పొద్దున వస్తదా ఈ కోడ్?"

"రాదన్నా. పొద్దుగాల మంచిగనే నడుస్తది. పొద్దుగూకితేనే."

"పొద్దుగూకితే ఇక్కడ ఇంకేమేం నడుస్తయి?"

అతను చుట్టూ చూశాడు. నేనూ చూశాను. సాయంత్రం శేఠ్ వస్తాడు, ఏసీ వేస్తారు. చాయ్ కోసం కరెంటు కెటిల్ పెడతారు. ఆ కెటిల్ వైరు ఎక్కడికి పోయిందో చూస్తే, బల్ల కింద ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. మన మెషిన్ ప్లగ్గు కూడా ఆ బోర్డుకే ఉంది. వంగి ప్లగ్గు మీద చెయ్యి పెట్టాను. చాయ్ గ్లాసు పట్టుకున్నట్టు కాలింది. మెషిన్ ఆపించి ప్లగ్గు పీకితే, ఒక పిన్ను చుట్టూ నల్లగా మాడి ఉంది. తెల్లగా ఉండాల్సిన బోర్డు అక్కడ బెల్లం రంగుకు తిరిగింది. కాలిన ప్లాస్టిక్ వాసన.

సంగతి ఏమిటంటే, ఫ్యూజర్ వేడెక్కే ఆ కొన్ని క్షణాల్లో మెషిన్ వెయ్యి వాట్ల దాకా లాగుతుంది. దాదాపు ఒక ఇస్త్రీ పెట్టెంత. అదే బోర్డు మీద కెటిల్ కూడా మరుగుతుంటే, ఆ వదులు ప్లగ్గులో నుంచి ఎంత కరెంటు వస్తుంది? 230 వోల్టులు రావలసిన చోట, మీటరు పెట్టి చూస్తే, 190 కూడా నిలవడం లేదు. ఫ్యూజర్‌కు అందాల్సిన వేడి అందలేదు. ఇంతసేపట్లో ఇంత వేడెక్కాలి అని లోపల ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పగానే మెషిన్ కోడ్ చూపించి ఆగిపోయింది. పాపం, అది నిజమే చెప్పింది. "ఫ్యూజర్ వేడెక్కలేదు" అంది. "ఫ్యూజర్ పాడైంది" అనలేదు. ఆ రెండో మాట మనుషులు కల్పించుకున్నది.

గోడ నుంచి వేరుగా వైరు లాగించి, పెద్ద సాకెట్, 16 ఆంపియర్లది, పెట్టించాను. ఆ కోడ్ మళ్లీ రాలేదు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. కోడ్ నొప్పి ఎక్కడో చెబుతుంది. ఎందుకో చెప్పదు.

ఈ ఫ్యూజర్ కోడ్‌కు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. కెనాన్ మెషిన్లలో ఇ అక్షరం పక్కన మూడు సున్నాలు కనపడతాయి. రికో మెషిన్లలో ఎస్‌సి 542 అని వస్తుంది. క్యోసెరాలో చాలా మోడళ్లకు సి 6000. పేర్లు వేరు, గోడు ఒకటే. "నేను వేడెక్కాల్సినంత వేడెక్కలేదు." కారణం హీటర్ కావచ్చు. వేడిని కొలిచే థర్మిస్టర్ మీద మసి పట్టి ఉండవచ్చు. వైరు తెగి ఉండవచ్చు. ఆ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోలాగా, తప్పు మెషిన్‌లోనే లేకపోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని కోడ్‌లు స్విచ్ ఆపి వేస్తే పోతాయి. ఫ్యూజర్ కోడ్‌లు చాలా మెషిన్లలో అలా పోవు. కంపెనీ వాళ్లు కావాలనే అలా తాళం వేశారు. ఫ్యూజర్ వేడి సుమారు 180, 200 డిగ్రీల దాకా ఉంటుంది. పక్కనే కాగితం. వేడి కొలిచేది చెడిపోయి, హీటర్ వెలుగుతూనే ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి. నేను ఇందాక చెప్పిన జిరాక్స్ 914 ఉందే, అందులో కాగితం ఇరుక్కుంటే మాడి మంట లేచేది. అందుకని కంపెనీ ఆ మెషిన్‌తో పాటే మంట ఆర్పే చిన్న సీసా కూడా ఇచ్చేది. ఆ సీసా అవసరం రాకూడదనే ఇవాళ మెషిన్ ముందుగానే ఆగిపోతోంది. కాబట్టి ఫోన్‌లో వీడియో చూసి ఫ్యూజర్ కోడ్ తుడిచేసే పని మాత్రం పెట్టుకోకండి. కారణం దొరికాకే కోడ్ తుడవాలి.

సరే, కోడ్ రాకుండానే వచ్చే రోగాలు కొన్ని ఉన్నాయి. మెషిన్ నడుస్తూనే ఉంటుంది. కాగితం మీద మాత్రం గీత పడుతుంది.

ఒక చీరల ఆఫీసులో ఇలాగే, ప్రతి నకలు మీదా పై నుంచి కింది దాకా సన్నటి నల్ల గీత. డ్రమ్ము పోయిందని, కొత్తదానికి అప్పుడే ఆర్డర్ పెట్టబోతున్నారు. నేను వెళ్లి కాగితాన్ని పైన ఫీడర్‌లో పెట్టి ఒక నకలు తీశాను. గీత ఉంది. అదే కాగితాన్ని మూత ఎత్తి పెద్ద అద్దం మీద పెట్టి తీశాను. గీత లేదు. డ్రమ్ము పాడైతే రెండింటిలోనూ రావాలి కదా?

పెద్ద అద్దం పక్కన, వేలెడు వెడల్పు కూడా లేని సన్నటి అద్దం పట్టీ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు. ఫీడర్‌లో పెట్టిన కాగితం ఆ పట్టీ మీదుగా జారిపోతుంది. మెషిన్ కన్ను కదలకుండా ఆ పట్టీ కిందే కూర్చుని చూస్తుంది. ఆ పట్టీ మీద, నువ్వుగింజలో సగం కూడా లేదు, ఎండిపోయిన జిగురు బొట్టు ఒకటి. వాళ్లు బట్ట ముక్కలు అట్ట మీద అంటించి శాంపిల్ కార్డులు చేస్తారు. ఆ జిగురే ఏ కాగితానికో అంటి ఇక్కడికి చేరింది.

బొట్టు గీత ఎలా అయింది? నడిచే బట్ట మీద సుద్దముక్క కదలకుండా పట్టుకుని చూడండి. సుద్ద కదలదు, బట్ట కదులుతుంది, గీత పడుతుంది. ఇదీ అంతే. మెషిన్ ఆపి, మెత్తని గుడ్డకు కొంచెం స్పిరిట్ అద్ది, గోటి కొసతో మెల్లగా లేపాను. బ్లేడు పెట్టకండి, గాజు మీద గాటు పడితే అది ఇక శాశ్వతమైన గీత. తుడిచేశాక నకలు తీస్తే తెల్లటి కాగితం. డ్రమ్ము డబ్బులు మిగిలాయి.

మీరూ ఇది చేయగలరు. గీత వస్తే ఫీడర్‌లో ఒకటి, అద్దం మీద ఒకటి తీయండి. ఫీడర్‌లోనే వస్తే ఆ సన్న పట్టీ తుడవండి. రెండింటిలోనూ వస్తే, కంప్యూటర్ నుంచి ఒక ప్రింట్ ఇవ్వండి. అందులోనూ గీత ఉంటే అప్పుడు డ్రమ్ము వైపు చూడవచ్చు.

గీత కాకుండా మచ్చ వస్తే? అదీ ఒకే మచ్చ, కాగితం పొడుగునా సమానమైన దూరంలో మళ్లీ మళ్లీ వస్తే? మా సూరత్ పాండేసరాలో చీరలకు రంగులు అచ్చు వేసే మిల్లులో పనిచేసేవాళ్లను అడగండి, ఠక్కున చెబుతారు. రోలర్‌లో ఒక్క చోట లోపం ఉంటే, రోలర్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా బట్ట మీద అదే మచ్చ పడుతుంది. మన మెషిన్‌లోనూ అంతే. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు తీసుకుని మచ్చకూ మచ్చకూ మధ్య దూరం కొలవండి. 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము అయితే సుమారు 94 మిల్లీమీటర్లకు ఒకసారి మచ్చ వస్తుంది. దూరం వేరైతే తప్పు వేరే రోలర్‌ది. స్కేలు పెట్టి కొలిస్తే చాలు, మూత తీయకుండానే దొంగ దొరుకుతాడు.

ఇక అందరికీ తెలిసిన బాధ, కాగితం ఇరుక్కోవడం. మా సూరత్‌కు సముద్రం దగ్గర. వానాకాలం వచ్చిందంటే గాలి నిండా తడే. కాగితం ఆ తడిని పీల్చుకుంటుంది. అంచులు అలలుగా లేస్తాయి. ఒకదానికొకటి అతుక్కుని, రెండేసి మూడేసి కలిసి లోపలికి పోతాయి. కాగితం కట్ట విప్పాక మిగిలినదాన్ని దాని కవర్‌లోనే చుట్టి పెట్టండి. నేల మీద పెట్టకండి. ట్రేలో వేసే ముందు పేక ముక్కలు కలిపినట్టు ఒకసారి విదిలించండి.

సాంచాల పక్క గల్లీల్లో అయితే ఇంకో చిక్కు. మెషిన్ పక్క తలుపు తీస్తే లోపల పీచు. కాగితాన్ని లాగే రబ్బరు రోలర్ మీద ఆ పీచు, కాగితం దుమ్ము కలిసి పేరుకుంటాయి. అరిగిన టైరు తడి రోడ్డు మీద జారినట్టు రోలర్ జారుతుంది, కాగితం కదలదు. మెషిన్ ఆపి, నీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో రోలర్ తుడవండి. పెట్రోలు, థిన్నర్ వద్దు, రబ్బరు పాడవుతుంది.

ఇరుక్కున్న కాగితాన్ని అది వెళ్లే దిక్కుకే లాగండి. రెండు చేతులతో, మెల్లగా. చిరిగితే ముక్కలు బల్ల మీద పేర్చి చూసుకోండి. ఒక మూల తక్కువైందంటే, ఆ మూల లోపలే ఉంది. తరువాత కాగితం ఏమీ లేకున్నా "కాగితం ఇరుక్కుంది" అని మెషిన్ గోల పెడుతుంది. ఆ చిన్న ముక్క సెన్సార్ మీట దగ్గర అడ్డం పడి ఉంటుంది. మెషిన్ అబద్ధం చెబుతోందని మనం దాన్ని తిడుతుంటాం.

తడి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలి తాపీ నది పొంగినప్పుడు ఈ నగరంలో చాలా భాగం మునిగింది. వరద నీళ్లు తాకిన మెషిన్ ఎక్కడ ఉన్నా సరే, "పైకి ఆరింది కదా, ఒకసారి వేసి చూద్దాం" అని ప్లగ్గు పెట్టకండి. పైన ఆరినా లోపల బురద, తడి ఉంటాయి. అక్కడ ప్రాణానికే ముప్పు.

టోనర్ ఒంటి మీద పడితే చల్లటి నీళ్లతో కడుక్కోండి. వేడినీళ్లు వద్దు, అది కరిగే పొడి అని చెప్పుకున్నాం కదా. ఫ్యూజర్ దగ్గరికి చెయ్యి పెట్టే ముందు మెషిన్ ఆపి, బాగా చల్లారనివ్వండి.

ఇంత చేశాక కూడా మెకానిక్‌ను పిలవాల్సి వస్తే, "మిషిని పాడైంది, రా" అని మాత్రం అనకండి. నాలుగు మాటలు చెప్పండి. మొదటిది, కోడ్ మొత్తం, వెనక తోకలా ఉన్న అంకెలతో సహా. స్విచ్ ఆపకముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రెండోది, ఏ వేళకు వస్తోంది. మూడోది, దానికి ముందు ఏం మార్చారు, కొత్త టోనరా, కొత్త కాగితమా, మెషిన్ చోటు మార్చారా. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇది ఎన్నోసారి?

కోడ్, వేళ, మార్పు, ఎన్నోసారి. ఈ నాలుగూ చెబితే మెకానిక్ సగం దారిలో ఉండగానే సగం పని అయిపోతుంది.

ముగించే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కథలో మూడోసారి నాకు ఫోన్ వచ్చిందని చెప్పాను. మొదటిసారి వచ్చి, కోడ్ తుడిచేసి, డబ్బులు తీసుకుని వెళ్లిన మెకానిక్ ఎవరో చెప్పలేదు. అది నేనే. ఆ రోజు ఇంకో రెండు చోట్లకు పోవాలన్న తొందరలో ఉన్నాను.

తప్పు దొరికిన రోజు రాత్రి అన్నం తింటూ ఈ కథంతా బాపుకు చెప్పాను. ప్లగ్గు కాలడం, వోల్టేజీ పడిపోవడం, కొత్త సాకెట్ పెట్టించడం, అన్నీ గొప్పగానే చెప్పాను. ఆయనకు ఆ కోడ్‌లు తెలియవు, ఆ అంకెలు తెలియవు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఎన్నోసారికి దొరికింది?"

"మూడోసారికి."

"నువ్వు పోయిందెన్నిసార్లు?"

"రెండు సార్లు."

బాపు మజ్జిగ గ్లాసు ఎత్తుకుని అన్నాడు. "మరి మొదటిసారి కండెనన్నా చూసినవా?"